టీసీపీలో రాని క్రాష్ యూడీపీలో ఎందుకు వచ్చింది

మా బోర్డు చేయాల్సిన పని చెప్పుకోవడానికి చిన్నదే. సెన్సర్ల రీడింగులను ప్యాకెట్లుగా కట్టి, ఈథర్‌నెట్ మీద యూడీపీలో, అంటే అందిందో లేదో జవాబు కోసం చూడని పద్ధతిలో, ఒక సర్వర్‌కి పంపుతూ ఉండాలి (టీసీపీ అయితే ఆ జవాబు కోసం చూస్తుంది). లోపల కార్టెక్స్-ఎం7 ప్రాసెసర్, దాని మీద ఫ్రీఆర్‌టీఓఎస్ (పనులను టాస్కులుగా నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్), నెట్‌వర్క్ కోసం ఎల్‌డబ్ల్యూఐపీ. పదుల కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉన్న చిన్న చిప్‌లో కూడా పూర్తి టీసీపీ/ఐపీ నడవాలని ఆడమ్ డంకెల్స్ స్వీడిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్‌లో ఉండగా రాసిన నెట్‌వర్క్ స్టాక్, అంటే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్, అది. చాలా ఎంబెడెడ్ ఉత్పత్తుల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. మేం వాడుతున్నది దాని పాత వెర్షన్. ఈథర్‌నెట్ డ్రైవర్ మాత్రం మాకంటే ముందు నడిచిన ఒక ప్రాజెక్టు నుంచి వచ్చింది. "బాగా నడుస్తోంది, ముట్టుకోకండి" అని చెప్పి మరీ ఇచ్చారు.

డేటా పలచగా వెళ్తున్నంతసేపు అది నిజంగానే బాగా నడిచింది. ఎన్ని రోజులు వదిలేసినా చెక్కుచెదరలేదు. శాంప్లింగ్ రేటు పెంచి 100 ఎంబీపీఎస్ లైన్‌ను నింపడం మొదలుపెట్టాక బోర్డు పడిపోసాగింది. ఒక్కోసారి నిమిషంలోపే, ఒక్కోసారి గంటలు గడిచాక.

పడిపోవడం కూడా ఒకే తీరులో ఉండేది కాదు. కొన్నిసార్లు హార్డ్‌ఫాల్ట్, అంటే ప్రాసెసర్ ముందుకు వెళ్లలేని లోపం, వచ్చేది. కొన్నిసార్లు ఫాల్ట్ ఏమీ లేకుండా బోర్డు ఉన్నచోటే నిలిచిపోయేది, కాసేపటికి స్పందన లేదని వాచ్‌డాగ్ టైమర్ రీసెట్ చేసేది. ఇవి రెండు వేర్వేరు బగ్‌లని టీమ్‌లో ఎక్కువమంది అభిప్రాయం. బగ్‌లు రాసుకునే ట్రాకర్‌లో టికెట్లు కూడా రెండు ఉండేవి. రెండూ లోడ్ పెరిగినప్పుడే రావడం నాకు ఎందుకో మింగుడు పడలేదు కానీ, అనుమానాన్ని టికెట్‌లో రాయలేం కదా.

ముందు హార్డ్‌ఫాల్ట్ పట్టుకున్నాను, ఎందుకంటే అది కనీసం ఏదో ఒక ఆధారం వదిలి వెళ్తుంది. ఫాల్ట్ వచ్చిన క్షణంలో కార్టెక్స్-ఎం ప్రాసెసర్ తనంతట తానే ఎనిమిది రిజిస్టర్లను (తన లోపలి చిన్న నిల్వలను) స్టాక్ మీద, అంటే ర్యామ్‌లో తాత్కాలిక విలువలు దాచే చోట, పెడుతుంది: ఆర్0 నుంచి ఆర్3 వరకు, ఆర్12, ఎల్ఆర్, పీసీ (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్), ఎక్స్‌పీఎస్ఆర్. ఏ స్టాక్ మీద పెట్టిందో తెలియాలంటే ఫాల్ట్ వచ్చినప్పుడు నడిచే కోడ్, అంటే హ్యాండ్లర్‌లోకి రాగానే ఎల్ఆర్‌లో ఉన్న విలువలో 2వ బిట్ చూడాలి. అది 0 అయితే మెయిన్ స్టాక్, 1 అయితే ప్రాసెస్ స్టాక్. ఈ ఎనిమిదింటితో పాటు ఫాల్ట్ స్టేటస్ రిజిస్టర్లను కూడా రీసెట్‌లో చెరిగిపోని ర్యామ్ భాగంలో దాచి, మళ్లీ బూట్ అయ్యాక సీరియల్ పోర్టులో ప్రింట్ చేసేలా చిన్న హ్యాండ్లర్ రాశాను. డీబగ్గర్ తగిలించి కూర్చోనక్కర్లేదు, రాత్రంతా నడిపి పొద్దున లాగ్ చూసుకోవచ్చు.

లాగ్‌లో సీఎఫ్ఎస్ఆర్ (ఫాల్ట్ స్టేటస్ రిజిస్టర్) విలువ హెక్స్‌లో 8200. అంటే ప్రిసైజ్ బస్ ఎర్రర్ (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర వచ్చిందో కచ్చితంగా తెలిసే మెమరీ లోపం), పైగా ఫాల్ట్ అడ్రస్ రిజిస్టర్‌లో ఉన్న అడ్రస్ నమ్మదగినదే. ఇది అదృష్టమే అనుకోవాలి. మెమరీలోకి రాసేటప్పుడు వచ్చే బస్ ఎర్రర్లు ఎక్కువగా ఇంప్రిసైజ్‌గా వస్తాయి. ప్రాసెసర్ అప్పటికే ముందుకు వెళ్లిపోయి ఉంటుంది, పీసీ చూసినా లాభం ఉండదు. ఇక్కడ పీసీ సూటిగా మెమ్_మాలక్ లోపలికి, అంటే ఎల్‌డబ్ల్యూఐపీ సొంత హీప్ (అడిగినప్పుడు ముక్కలుగా ఇచ్చే మెమరీ) అలొకేటర్‌లోకి చూపిస్తోంది. ఒక బ్లాక్ ఇచ్చేశాక తర్వాతి ఖాళీ బ్లాక్ ఎక్కడుందో వెతికే చిన్న లూప్ అది. అడ్రస్ మాత్రం ఏ మెమరీకీ చెందనిది.

హీప్ పాడైందని అర్థమైంది. పాడుచేసింది ఎవరన్నదే ప్రశ్న. అలొకేటర్ ఇందులో బాధితురాలే.

ఎం7 మీద ఈథర్‌నెట్ అనగానే అందరి వేళ్లూ డీ-క్యాష్ (డేటా నకళ్లను ప్రాసెసర్ దగ్గర ఉంచే వేగమైన మెమరీ) వైపు చూపిస్తాయి. అందులో తప్పులేదు. క్యాష్ లైన్ 32 బైట్లు. డీఎంఏకి (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీని చదివే హార్డ్‌వేర్‌కి) ఇచ్చిన బఫర్ ఆ హద్దులకు సరిపడా లేకపోయినా, క్లీన్ చేయాల్సిన చోట చేయకపోయినా పక్కన ఉన్న డేటా పాతబడిపోతుంది. హార్డ్‌వేర్ వైపు సీనియర్ ఒకాయన "ముందు క్యాష్ ఆపేసి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆపేశాను. క్రాష్ బాగా తగ్గిపోయింది. ఇంకేముంది, దొరికేసిందని అందరూ సంబరపడ్డారు.

కానీ క్యాష్ ఆపితే ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, ప్యాకెట్ల రేటు కూడా పడిపోతుంది. కాబట్టి ఈ ప్రయోగంలో ఒకేసారి రెండు మారాయి. క్యాష్ మళ్లీ ఆన్ చేసి, పంపే టాస్క్‌లో ఆలస్యం పెట్టి, రేటును క్యాష్ లేనప్పటి స్థాయికే దించాను. అప్పుడూ క్రాష్ అంతే అరుదుగా వచ్చింది. తగ్గించింది క్యాష్ కాదు, రేటు. ఇది చూపించాక కూడా క్యాష్ వాదన పూర్తిగా పోవడానికి సమయం పట్టింది. ఒకసారి పేరు పడ్డాక అనుమానితుణ్ణి వదిలిపెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు.

రేటు అంటే ఏ రేటు, బైట్లా ప్యాకెట్లా? పూర్తి సైజు ఫ్రేమ్ (ఈథర్‌నెట్ ప్యాకెట్) తీగ మీద ముందు వచ్చే ప్రియాంబుల్, తర్వాతి గ్యాప్ కలిపి 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. 100 ఎంబీపీఎస్‌లో సెకనుకు సుమారు 8,127 ఫ్రేములు, ఒక్కోదానికి 123 మైక్రోసెకన్లు. పేలోడ్‌ను (ప్యాకెట్ లోపలి డేటాను) 1472 బైట్ల నుంచి బాగా కుదించి పంపితే మొత్తం బైట్లు తగ్గాయి, ప్యాకెట్ల సంఖ్య పెరిగింది, క్రాష్ చాలా త్వరగా వచ్చింది. డేటా ఎంత కదిలిందన్నదానితో దీనికి సంబంధం లేదు. ఎన్నిసార్లు మెమరీ అలొకేట్ చేశాం (తీసుకున్నాం), ఎన్నిసార్లు ఫ్రీ చేశాం (తిరిగిచ్చాం) అన్నదే లెక్క. ఇక్కడి నుంచి బఫర్ దాటి రాసేస్తున్నారన్న అనుమానం నాకు తగ్గింది, ఏదో రెండు పనులు ఒకదానితో ఒకటి ఢీకొంటున్నాయన్న అనుమానం పెరిగింది.

తర్వాత చేసిన పని ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది. సెన్సర్ డేటా బదులు ప్రతి ప్యాకెట్‌నూ హెక్స్ 55 బైట్లతో నింపి పంపాను. ఈసారి క్రాష్ వచ్చాక ఫాల్ట్ అడ్రస్ నుంచి హీప్ మొదలయ్యే అడ్రస్ తీసేసి, ఇంకో 8 తీసేస్తే మిగిలింది సరిగ్గా 55555555.

ఆ 8 ఎందుకంటే, ఎల్‌డబ్ల్యూఐపీ హీప్‌లో ప్రతి బ్లాక్ ముందూ ఒక హెడర్ ఉంటుంది: తర్వాతి బ్లాక్ ఎక్కడ, ముందరి బ్లాక్ ఎక్కడ, ఇది వాడుకలో ఉందా లేదా. మొదటి రెండూ పాయింటర్లు కావు, హీప్ మొదలు నుంచి దూరాలు. హీప్ సైజు 64,000 దాటితే వాటిని 32 బిట్లలో దాస్తుంది, మాది దాటింది. కాబట్టి వాడుకలో ఉందా అన్న ఫీల్డ్ 8వ బైట్ దగ్గర ఉంటుంది. అలొకేటర్ ఎక్కడో ఒక ప్యాకెట్ మధ్యలోకి వెళ్లి, అక్కడి పేలోడ్‌నే హెడర్ అనుకుని చదివి, అందులోని 55555555ని తర్వాతి బ్లాక్ దూరంగా తీసుకుంది.

హీప్ మొత్తాన్ని డంప్ తీసి స్క్రిప్ట్‌తో మొదటి నుంచి నడిచాను. ఏ హెడర్ మీదా 55లు పడలేదు. అంటే ఎవరూ హద్దు దాటి రాయలేదు. తేడా ఉన్నది ఒకే చోట: మొదటి ఖాళీ బ్లాక్‌ను చూపించే పాయింటర్, ఇప్పుడు హెడరే లేని చోటును చూపిస్తోంది. ఒకప్పుడు అక్కడ హెడర్ ఉండేది. ఆ బ్లాక్‌ను పక్క బ్లాక్‌తో కలిపేశాక ఆ హెడర్‌కు అర్థం పోయింది, కానీ ఎవరి దగ్గరో పాత చిరునామా మిగిలిపోయింది. అంటే అలొకేట్ చేస్తున్నవాళ్ల మధ్యలో ఇంకెవరో దూరి ఫ్రీ చేశారు. కానీ ఆ రెంటికీ మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరినే రానిచ్చే లాక్) రక్షణ ఉందే!

ఇక్కడ కాసేపు దారి మూసుకుపోయింది. కోడ్‌లో లాక్ కళ్లెదుటే కనిపిస్తోంది. మెమ్_మాలక్ మొదట్లో మ్యూటెక్స్ తీసుకుంటుంది, చివర్లో వదులుతుంది. మెమ్_ఫ్రీ కూడా అంతే. ఎన్నిసార్లు చదివినా అంతే.

అందుకని రెండో రకం పతనం, ఆ నిలిచిపోవడం వైపు తిరిగాను. వాచ్‌డాగ్ ఆపేసి, జేట్యాగ్ డీబగ్గర్ తగిలించి, బోర్డు నిలిచిపోయే వరకు ఆగి హాల్ట్ చేశాను. పీసీ ఫ్రీఆర్‌టీఓఎస్‌లోని వీలిస్ట్‌ఇన్సర్ట్ ఫంక్షన్‌లో, లిస్టులో సరైన చోటు వెతికే లూప్‌లో తిరుగుతూనే ఉంది. ఆ లూప్ పైన సోర్స్‌లోనే పెద్ద కామెంట్ ఉంటుంది, మీ ప్రోగ్రాం ఇక్కడ పడిపోతుంటే కారణాలు బహుశా ఇవి అని. స్టాక్ ఓవర్‌ఫ్లో, ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వచ్చే హార్డ్‌వేర్ పిలుపు) ప్రయారిటీ తప్పుగా పెట్టడం, ఇంటరప్ట్‌లో నుంచి 'ఫ్రమ్ఐఎస్ఆర్' అని ముగియని, అంటే ఇంటరప్ట్‌కు తగని, ఏపీఐని పిలవడం, సృష్టించకముందే క్యూనో సెమాఫోర్‌నో (మ్యూటెక్స్ కూడా దానిలో ఒక రకమే) వాడటం. సోర్స్ కోడ్‌లో ఇంత ఉపయోగపడే కామెంట్లు నేను తక్కువే చూశాను.

టాస్కుల స్టాక్ ఎంతవరకు నిండిందో చూపే హై వాటర్ మార్కులు చూశాను, అన్ని టాస్కులకూ కావలసినంత మిగిలి ఉంది. ప్రయారిటీలు సరిగ్గానే ఉన్నాయి. మూడోదాని కోసం అన్ని ఇంటరప్ట్ హ్యాండ్లర్లనూ వెతికాను. క్యూ, సెమాఫోర్ పిలుపులన్నీ ఫ్రమ్ఐఎస్ఆర్ రకమే, ఒక్కటీ తేడా లేదు.

మళ్లీ మలుపు ఒక టెస్టింగ్ అమ్మాయి వల్ల వచ్చింది. "టీసీపీలో పంపితే ఎంత లోడ్ పెట్టినా పడటం లేదు సార్, మీకు ముందే తెలుసా?" అని అడిగింది. తెలియదు. ఎవరూ ఆ వైపు చూడలేదు, మా ప్రాడక్ట్ డేటాకి టీసీపీ వాడదు కాబట్టి. యూడీపీ పంపే అప్లికేషన్ కోడ్‌లోనే ఏదో ఉందని కొందరు వెంటనే తేల్చేశారు కానీ, అక్కడ ఉన్నది ఒక సెండ్ పిలుపు, ఒక లూప్, అంతే. నెట్‌వర్క్ స్టాక్ లోపల టీసీపీకీ యూడీపీకీ ఉన్న తేడా ఏమిటని ఆలోచిస్తే, బఫర్‌ను చివరగా వదిలేది ఎవరు అన్నది తేడా.

మా డ్రైవర్ జీరో-కాపీ రకం. ప్యాకెట్ ఉన్న పీబఫ్‌ను (ఎల్‌డబ్ల్యూఐపీ ప్యాకెట్ బఫర్‌ను) కాపీ చేయకుండా నేరుగా డీఎంఏకి అప్పగిస్తుంది. డీఎంఏ చదువుతుండగా ఆ మెమరీ పోకూడదు కాబట్టి పీబఫ్ రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎందరు పట్టుకున్నారన్న లెక్క) ఒకటి పెంచుతుంది. ఫ్రేమ్ వెళ్లిపోయాక వచ్చే ట్రాన్స్‌మిట్ కంప్లీట్ ఇంటరప్ట్‌లో పీబఫ్_ఫ్రీ పిలిచి ఆ కౌంట్ తగ్గిస్తుంది. టీసీపీలో అవతలి నుంచి ఏసీకే (అందిందన్న జవాబు) వచ్చేదాకా స్టాక్ కూడా ఆ పీబఫ్‌ను పట్టుకునే ఉంటుంది. ఇంటరప్ట్ చేసే ఫ్రీ కౌంట్‌ను 2 నుంచి 1కి దించుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. అసలు మెమరీ విడుదల ఏసీకే వచ్చాక, స్టాక్ థ్రెడ్‌లో, పద్ధతిగా జరుగుతుంది. యూడీపీకి ఏసీకే లేదు. డ్రైవర్‌కి అప్పగించగానే స్టాక్ తన చేయి వదిలేస్తుంది. ఇక మిగిలింది డ్రైవర్ రిఫరెన్స్ ఒక్కటే. అది ఇంటరప్ట్‌లో సున్నా అవుతుంది. పీబఫ్_ఫ్రీ మెమ్_ఫ్రీని పిలుస్తుంది, మెమ్_ఫ్రీ మ్యూటెక్స్ అడుగుతుంది. ఇంటరప్ట్ లోపల నుంచి.

పేరులో సెమాఫోర్ అన్న మాటే లేదు కాబట్టి నా వెతుకులాటలో అది తగల్లేదు. మూడు ఫంక్షన్ల అడుగున ఉంది.

రుజువు చేయడం తేలిక. ఇంటరప్ట్‌లో ఉన్నామా లేదా అన్నది ఐపీఎస్ఆర్ రిజిస్టర్ చెబుతుంది. సున్నా కాకపోతే ఉన్నట్టు. మెమ్_ఫ్రీ మొదట్లో అది సున్నా కాకపోతే బ్రేక్‌పాయింట్ అని పెట్టాను. బోర్డు ఆన్ చేశాను. ఐపీ అడ్రస్ కూడా రాకముందే, ఆ అడ్రస్ అడిగే డీహెచ్‌సీపీ డిస్కవర్ ప్యాకెట్ దగ్గరే ఆగిపోయింది. లోడ్ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. డీహెచ్‌సీపీ కూడా యూడీపీయే. ఈ డ్రైవర్ పుట్టినప్పటి నుంచి, వెళ్లిన ప్రతి యూడీపీ ప్యాకెట్‌కీ ఈ తప్పు జరుగుతూనే ఉంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు నడిచింది? మ్యూటెక్స్ ఖాళీగా ఉంటే, ఇంటరప్ట్‌లో నుంచి అడిగినా ఆగాల్సిన పని పడదు. తీసుకుంటుంది, ఫ్రీ చేస్తుంది, వదిలేస్తుంది. నెమ్మదిగా పంపుతున్నప్పుడు ఒక ప్యాకెట్ వెళ్లిపోయిందన్న ఇంటరప్ట్ వచ్చే సమయానికి తర్వాతి ప్యాకెట్ అలొకేషన్ ఇంకా మొదలే కాదు. లైన్ నిండా పంపుతున్నప్పుడు మాత్రం పాత ప్యాకెట్ల ఇంటరప్ట్‌లు సరిగ్గా కొత్త ప్యాకెట్ కోసం హీప్‌లో వెతుకుతున్నప్పుడే వస్తుంటాయి.

అలా వచ్చినప్పుడు లాక్ ఎందుకు ఆపలేదన్నది నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. మా పోర్ట్‌లో, అంటే ఎల్‌డబ్ల్యూఐపీని ఫ్రీఆర్‌టీఓఎస్‌తో కలిపే కోడ్‌లో, ఎల్‌డబ్ల్యూఐపీ మ్యూటెక్స్‌లు రికర్సివ్ రకం. అంటే తీసుకున్న టాస్కే మళ్లీ అడిగితే ఇచ్చేస్తుంది. ఇంటరప్ట్‌కు తనదంటూ ఒక టాస్క్ ఉండదు. ఇప్పుడు నడుస్తున్నది ఎవరని కెర్నల్‌ను, అంటే ఫ్రీఆర్‌టీఓఎస్‌ను, అడిగితే, ఇంటరప్ట్ ఎవరిని ఆపి వచ్చిందో వాళ్ల పేరే చెబుతుంది. మెమ్_మాలక్ మధ్యలో ఉన్న టాస్క్‌ను ఆపి ఇంటరప్ట్ వచ్చింది. మ్యూటెక్స్ అడిగింది. ఎవరిదని చూస్తే ఆ టాస్క్‌దే, అడుగుతున్నదీ ఆ టాస్కేనట. ఇంట్లోవాళ్ల గొంతుతో తలుపు తట్టిన దొంగకు తలుపు తీసినట్టు, లాక్ లోపలికి రానిచ్చింది. మెమ్_ఫ్రీ ఖాళీ బ్లాకులను కలిపేసి వెళ్లిపోయింది. మెమ్_మాలక్ మళ్లీ మొదలై, తన లోకల్ వేరియబుల్‌లో ఉన్న పాత హెడర్‌నే మొదటి ఖాళీ బ్లాక్‌గా రాసుకుంది. తర్వాత ఎప్పుడో అక్కడ ప్యాకెట్ డేటా పడింది, ఇంకెప్పుడో ఫాల్ట్ వచ్చింది.

రెండో టికెట్ కథ కూడా ఇదే. మ్యూటెక్స్ ఉన్న టాస్క్‌ను ఇంకో పెద్ద ప్రయారిటీ టాస్క్ పక్కకు నెట్టి నడుస్తుండగా ఇంటరప్ట్ వచ్చిందనుకోండి. ఇప్పుడు పేర్లు కలవవు. మ్యూటెక్స్ ఖాళీ లేదు కాబట్టి కెర్నల్ "ఇప్పటి టాస్క్‌ను" వెయిటింగ్ లిస్టులో పెట్టి, కాంటెక్స్ట్ స్విచ్ (వేరే టాస్క్‌కి మారడం) కోరుతుంది. ఆ స్విచ్ చేసే పెండ్ఎస్‌వీ ఇంటరప్ట్ అన్నిటికంటే తక్కువ ప్రయారిటీ, ఇంటరప్ట్ ముగిసేదాకా దానికి అవకాశం రాదు. ఫంక్షన్ లూప్‌లో వెనక్కి తిరిగి, అదే టాస్క్‌ను అదే లిస్టులో మళ్లీ పెడుతుంది. లిస్ట్ నోడ్ తననే తాను చూపించుకుంటుంది. వీలిస్ట్‌ఇన్సర్ట్ ఇక ఎప్పటికీ బయటికి రాదు. రెండు టికెట్లనూ ఒకదానికి కలిపేశాను.

కెర్నల్‌లో దీన్ని పట్టే తనిఖీ ముందే ఉంది, అదే విసుగు పుట్టించేది. కాన్ఫిగ్‌అసర్ట్ అనే ఆ తనిఖీ ఆన్‌లో ఉంటే, ఇంటరప్ట్‌లో నుంచి మామూలు క్రిటికల్ సెక్షన్‌లోకి (ఇంటరప్ట్‌లు ఆపి నడిపే భాగంలోకి) వెళ్లగానే బోర్డు ఆగిపోతుంది. మాకు వచ్చిన ప్రాజెక్టు సెట్టింగుల్లో దాన్ని ఖాళీ మ్యాక్రో చేసి పెట్టారు, వేగం కోసమట.

సరిచేయడానికి దారులు రెండు మూడు కనిపించాయి. ఎల్‌డబ్ల్యూఐపీలోనే ఒక ఆప్షన్ ఉంది. దాన్ని 1 చేస్తే హీప్‌ను మ్యూటెక్స్‌తో కాకుండా ఇంటరప్ట్‌లు ఆపి కాపాడుతుంది, వేరే కాంటెక్స్ట్ నుంచి ఫ్రీ చేయొచ్చు. ఒక్క లైన్ మార్పు, అందరికీ నచ్చింది. నాకు నచ్చలేదు. మా పోర్ట్‌లో ఆ రక్షణ కూడా మామూలు క్రిటికల్ సెక్షనే, ఇంటరప్ట్‌లో నుంచి పిలవకూడనిదే. ఆ దారిలో వెళ్తే కాన్ఫిగ్‌అసర్ట్‌ను మళ్లీ ఆన్ చేయలేం. ఫ్రీ పనిని స్టాక్ థ్రెడ్‌కి మెసేజ్‌గా పంపడం ఇంకో దారి. కానీ భారీ లోడ్‌లో ఆ మెసేజ్‌లు చేరే మెయిల్‌బాక్స్ నిండిపోతే ఆ పిలుపు ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు ఆ పీబఫ్‌ను ఎవరు మోస్తారు? క్రాష్ పోయి మెమరీ లీక్ వస్తుంది.

చివరికి ఇంటరప్ట్‌లో ఏ ఫ్రీ లేకుండా చేశాం. అది ఒక చిన్న టాస్క్‌కి నోటిఫికేషన్ ఇచ్చి వెళ్లిపోతుంది. ఆ టాస్క్, డీఎంఏకి అప్పగించిన బఫర్ల జాబితా అయిన డిస్క్రిప్టర్ రింగ్‌లో డీఎంఏ వదిలేసిన వాటినన్నిటినీ వరుసగా చూసి పీబఫ్‌లను ఫ్రీ చేస్తుంది. ఒక నోటిఫికేషన్‌కి ఒక డిస్క్రిప్టర్ అనుకోకూడదు. అది నిద్ర లేచేలోపు ఎన్నో ఇంటరప్ట్‌లు కలిసిపోయి ఉంటాయి. డీఎంఏ చేతిలో ఉన్న డిస్క్రిప్టర్ తగిలేదాకా నడవాలి. దాని ప్రయారిటీ డేటా పంపే టాస్క్ కంటే పైన ఉండాలి, లేదంటే పంపేవాడు హీప్ అంతా తినేశాక గానీ దీనికి వంతు రాదు. మెమ్_ఫ్రీలోని ఐపీఎస్ఆర్ తనిఖీని అలాగే ఉంచేశాను, కాన్ఫిగ్‌అసర్ట్‌ను రిలీజ్ బిల్డ్‌లో కూడా ఆన్ చేయించాను. వేగంలో కొలవదగ్గ తేడా కనిపించలేదు.

ఇప్పుడు ఎంత లోడ్ పెట్టినా బోర్డు పడదు. రింగ్ నిండితే సెండ్ పిలుపు మెమరీ లేదని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ వచ్చినప్పుడు రీడింగ్‌ను పారేసి లెక్క రాసుకోవాలా, కాసేపు ఆగి మళ్లీ పంపాలా అన్నది అప్లికేషన్ వాళ్లకూ మాకూ మధ్య ఇంకా తేలలేదు. నేను పారేయాలనే అంటున్నాను. ఆగిన కొద్దీ వెనక పేరుకునే రీడింగులు పాతబడిపోతాయి, ఎలాగూ సర్వర్ ప్రతి ప్యాకెట్‌లోని సీక్వెన్స్ నంబర్ చూసి ఏది రాలేదో చెప్పగలదు.